బాక్సర్‌కి బరువులు పనికొస్తాయా? వైజాగ్‌లో ఈ జిమ్‌లో మూడు నెలలు చేశాక నా మాట

ముందే సూటిగా చెప్పేస్తాను. మీరు బాక్సింగ్ ఆడుతూ, పోటీలకి వెళ్తూ, బరువులు ఎత్తాలా వద్దా అని తేల్చుకోలేకపోతుంటే ఈ జిమ్‌లో బాక్సర్ల కోసం పెట్టిన కండిషనింగ్ (ఆటకి కావాల్సిన బలం, దమ్ము పెంచే వ్యాయామం) బ్యాచ్‌లో చేరండి. మూడు నెలలకి తొమ్మిది వేలు, వారానికి మూడు రోజులు, రోజుకి గంటంపావు. నా లెక్కలో ఆ డబ్బుకి తగ్గ పని జరిగింది. లోపాలూ ఉన్నాయి, అందులో ఒకటి టోర్నమెంట్ రోజు పొద్దున్న నన్ను ఏడిపించినంత పని చేసింది, అదీ రాస్తాను. మూడు నెలలు పూర్తి చేసి, చివర్లో ఒక టోర్నమెంట్ ఆడి, మళ్లీ డబ్బు కట్టాక రాస్తున్నాను కాబట్టి ఇది చేరిన మొదటి వారం ఊపులో రాసింది కాదు.

నాది 60 కేజీల కేటగిరీ, అంటే పోటీకి బరువు చూసేటప్పుడు 60 దాటకూడదు. పద్నాలుగో ఏట గ్లవ్స్ వేసుకున్నాను, ఇప్పుడు ఇరవై మూడు. డిగ్రీ అయిపోయింది, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కోసం చూస్తున్నాను, అంటే నాకు ఒక్కో మెడల్ అన్నం పెట్టే విషయం. రెండేళ్ల కిందట మా ఇంటి దగ్గర మామూలు జిమ్ ఒకదానిలో చేరాను. అక్కడ అందరికీ ఒకటే పట్టిక: సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం చేతులు, ప్రతి సెట్టూ పన్నెండు పదిహేను రెప్స్ (ఎత్తి దించడాలు), ఇక చెయ్యి లేవదు అనేదాకా. నాలుగు నెలల్లో నాలుగు కేజీలు పెరిగాను. చొక్కా భుజాల దగ్గర బిగుతైంది, ఇంట్లో అమ్మ సంబరపడింది. తర్వాత పోటీ వచ్చింది, నాలుగు కేజీలు దించాలి, తిండి మానేసి దించాను. రింగులోకి వెళ్లాక రెండో రౌండు సగానికి భుజాలు మంటెక్కిపోయి చేతులు గడ్డం దగ్గర నుంచి ఛాతీ దగ్గరికి జారిపోయాయి. జారుతున్నాయని తెలుస్తోంది, లేపలేకపోతున్నాను. అవతలి కుర్రాడు ఆ సందులోంచి రైట్ హ్యాండ్ కొట్టాడు, రిఫరీ ఎనిమిది లెక్కపెట్టాడు.

మా మాస్టారు కార్నర్‌లో ఏమీ అనలేదు. బస్సులో వస్తూ మాత్రం, "చెప్పానా లేదా? బరువులెత్తితే చెయ్యి బండబారిపోద్దిరా. గుద్దు పోయి తోపుడు మిగులుద్ది" అన్నారు. ఆయన ముప్పై ఏళ్లుగా పిల్లలకి బాక్సింగ్ నేర్పుతున్నారు, ఆయన మాట కాదనే ధైర్యం నాకు లేదు. పైగా అనుభవం కూడా అదే చెప్పింది కదా. ఏడాదిన్నర పాటు ఇనుము ముట్టుకోలేదు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద పరుగు, తాడాట, బ్యాగ్, దండీలు, బస్కీలు, అంతే.

ఈ జిమ్‌కి వెళ్లింది కూడా నా కోసం కాదు, ఒక స్నేహితుడికి తోడుగా వెళ్లాను. ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. పైకెళ్తే ఏసీ లేదు, పెద్ద ఫ్యాన్లు రెండు, నేలంతా నల్ల రబ్బరు. అద్దాలు కూడా ఒక గోడకే ఉన్నాయి. ట్రైనర్‌ని అందరూ అన్నా అంటారు, నేనూ అదే రాస్తాను. ఆయనది కొండవెలగాడ పక్క ఊరు. వెయిట్‌లిఫ్టింగ్ గురించి కాస్త తెలిసిన వాళ్లకి విజయనగరం జిల్లాలో కొండవెలగాడ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు, ఇంటికో లిఫ్టర్ అన్నట్టు ఉంటుంది అక్కడ. పక్క జిల్లా శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కేజీల విభాగంలో 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్స్‌లో మెడల్ గెలిచిన తొలి భారతీయ మహిళ. ఇటు చూస్తే వైజాగ్ బాక్సింగ్ ఊరు. ఇంత దగ్గర దగ్గరగా రెండు ఆటలూ పెరిగాయి, అయినా ఆ ఇనుము విద్య మా రింగుల దాకా సరిగ్గా రాలేదే అని నాకు ఇప్పుడు బాధేస్తుంది.

అన్న మొదటి రోజు నన్ను అడిగినవి మూడే ప్రశ్నలు. ఏ కేటగిరీ? ఇప్పుడు ఎంత ఉన్నావు? టోర్నమెంట్ ఎప్పుడు? పాత జిమ్‌లో నాలుగు నెలల్లో ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఎవరూ అడగలేదు. తర్వాత ఒంటికాలి మీద కూర్చుని లేవమన్నాడు, కుడి కాలి మీద లేచాను, ఎడమ కాలి మీద మోకాలు లోపలికి పడిపోయింది. పుల్‌అప్స్ ఆరు తీశాను. మూడు కేజీల మెడిసిన్ బాల్ ఇచ్చి, బాక్సింగ్ స్టాన్స్‌లో నిలబడి గోడకేసి కొట్టమంటే నేను చేత్తో విసిరాను. అప్పుడు అన్నాడు, "తమ్ముడూ, మన జాలారి వల విసరడం చూశావు కదా. చేత్తో విసురుతాడా? కాలు నొక్కి, నడుము తిప్పి విసురుతాడు, చెయ్యి ఆఖర్న వదులుతాది. నువ్వు చేత్తోనే గుద్దుతున్నావు."

ఈ మాట వట్టి పోలిక కాదు. ఇంటికొచ్చి చదివితే సోవియట్ కాలంలోనే దీని మీద లెక్కలు తీశారని తెలిసింది. ఫిలిమోనోవ్, ఆయన తోటి పరిశోధకులు 120 మంది బాక్సర్లని పరీక్షించారు, అది 1985లో అచ్చయింది. బాగా ఆరితేరిన బాక్సర్ల రైట్ హ్యాండ్‌లో కాళ్ల నుంచి వచ్చే పాలు దాదాపు 38 శాతం, చేతిది 24 శాతం. కింది స్థాయి వాళ్లలో కాళ్ల పాలు 16 శాతమే, చేతిది 38. అంటే సరిగ్గా తిరగబడిపోయింది. నేను పాత జిమ్‌లో నాలుగు నెలలు ఛాతీ, చేతులు పెంచుకుంటూ, గుద్దుకి మూలమైన కాళ్లకి వారంలో ఒక్క రోజు కూడా సరిగ్గా ఇవ్వలేదు. చేతులు లావయ్యాయి, ఆ లావుని మూడు రౌండ్లు గాలిలో పట్టుకుని మోసింది కూడా ఆ భుజాలే. మంటెక్కిపోక ఏమవుతాయి!

ఇప్పుడు ఇక్కడ చేయించేది చెప్తాను, కొంచెం వివరంగానే చెప్తాను, ఎందుకంటే ఈ బ్యాచ్‌కి డబ్బు ఇచ్చేది దీనికే.

మొదటి మూడు వారాలు దాదాపు అన్నీ తేలిక బరువులు, పద్ధతి నేర్పడమే. నడుము విరగకుండా తుంటి దగ్గర వంగడం నేర్పడానికి వీపు మీద కర్ర పెట్టి వారం రోజులు వంగించాడు. నాలుగో వారం నుంచి అసలు బరువులు. ప్రధానంగా ట్రాప్ బార్ డెడ్‌లిఫ్ట్, అంటే మనం నడుమ నిలబడి రెండు పక్కలా పట్టుకుని లేపే బార్. దానితో పాటు ముందు కాలు బల్ల మీద పెట్టి ఎక్కడం, నడుముకి బరువు కట్టుకుని పుల్‌అప్స్, బార్ ఒక కొన మూలకి ఆనించి రెండో కొనని ఒంటి చేత్తో ఎదురుగా నెట్టడం. ఇవి ఐదు రెప్స్, తర్వాత నాలుగు, తర్వాత మూడు. సెట్టుకీ సెట్టుకీ మధ్య రెండున్నర నిమిషాలు కూర్చోవాలి. నాకు మొదట్లో ఇదే కష్టమైంది, చెమట పట్టకుండా కూర్చుంటే పని చేసినట్టే ఉండేది కాదు. ఇంకో రెండు రెప్స్ వస్తాయన్నా అంటే, "రానీ, వచ్చేవి ఉంచుకో" అనేవాడు. బలం అంటే కండ లావెక్కడం ఒక్కటే కాదు, ఉన్న కండని నరాలు ఎంత బాగా లేపగలవు అన్నది కూడా బలమే. ఎక్కువ బరువు, తక్కువ రెప్స్, పూర్తి విశ్రాంతి, చెయ్యి లేవని దాకా పోకుండా ఆపడం, ఇలా చేస్తే బలం పెరుగుతుంది గానీ ఒళ్లు అంతగా పెరగదు. 60 కేజీల వాడికి ఇదే ప్రాణం. ట్రాప్ బార్ మీద నేను 70 కేజీలు ఐదు సార్లతో మొదలుపెట్టి 110 కేజీలు మూడు సార్లకి వచ్చాను, పుల్‌అప్స్ ఆరు నుంచి పదకొండు అయ్యాయి, నా బరువు మాత్రం మొదటి రోజు 61.2, పదకొండో వారం 61.4. మా బాక్సర్లకి ఈ ఆఖరి లెక్క విలువ తెలుస్తుంది.

బరువు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మా సాయంత్రం బ్యాచ్‌లో ముగ్గురు అమ్మాయిలు ఉన్నారు, అందులో ఒక చెల్లి 54 కేజీలు, నాకన్నా శుభ్రంగా లేపుతుంది. వాళ్ల అమ్మగారు మొదట్లో వచ్చి, పిల్ల మొగాడిలా అయిపోతుందేమో అని భయపడ్డారట. మన నిఖత్ జరీన్‌ని చూడండి, నిజామాబాద్ అమ్మాయి, 2022లో ఇస్తాంబుల్‌లో 52 కేజీల్లో ప్రపంచ ఛాంపియన్, ఆ ఏడాదే బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో 50 కేజీల్లో స్వర్ణం, 2023లో ఢిల్లీలో మళ్లీ 50 కేజీల్లో ప్రపంచ ఛాంపియన్. ఒలింపిక్ కేటగిరీ కోసం రెండు కేజీలు దిగి, దిగిన చోటా గెలిచింది. ఆ స్థాయిలో బలం తగ్గకుండా బరువు దించడం ఎంత పెద్ద పనో కేటగిరీలో ఆడిన వాళ్లకే తెలుస్తుంది. అదే నిఖత్ 2017లో భుజం గాయంతో చాలా కాలం రింగుకి దూరమైంది. అందుకే అన్న ప్రతి రోజూ మొదటి పది నిమిషాలు భుజాల వెనక భాగానికే ఇస్తాడు, రబ్బరు బ్యాండ్లు ముఖం వైపు లాగడం, బోర్లా పడుకుని చేతులు వెనక్కి లేపడం. బరువు ఉండదు, చూడ్డానికి ఏమీ ఉండదు, కానీ మా ఆటలో రోజుకి కొన్ని వందల సార్లు చెయ్యి ముందుకే పోతుంది, వెనక్కి లాగే కండలు సన్నబడితే భుజం దెబ్బ తినే ముప్పు పెరుగుతుంది. రెండేళ్లుగా నా ఎడమ భుజంలో టక్ టక్ అని ఒక చప్పుడు ఉండేది, ఆరో వారానికి పోయింది. ఈ ఒక్కదానికి నేను తొమ్మిది వేలూ ఇచ్చేవాడిని.

మెడకి కూడా వేరే పని ఉంది. బల్ల మీద వెల్లకిలా పడుకుని, నుదుటి మీద తువ్వాలు మడత, దాని మీద రెండున్నర కేజీల ప్లేటు, గడ్డం ఛాతీ వైపు మెల్లగా. దెబ్బ తగిలినప్పుడు తల విసురుగా తిరగకుండా పట్టేది మెడే. మొదటి వారం మర్నాడు పొద్దున్న తలగడ మీద నుంచి తల లేపడానికి చెయ్యి సాయం పట్టాల్సొచ్చింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది బియ్యం బకెట్టు. ఒక పాత పెయింటు బకెట్టు నిండా కోటా బియ్యం పోసి మూలన పెట్టారు. అందులో చెయ్యి మణికట్టు దాటేదాకా గుచ్చి, పిడికిలి మూసి, తిప్పి, వేళ్లు చాచి, మళ్లీ మూసి, ఒక్కో చేతికి నిమిషంన్నర. మొదటి అర నిమిషం ఆటలా ఉంటుంది. నిమిషానికి బియ్యం గట్టిపడిపోయిందా అన్నట్టు అవుతుంది, వేళ్లు చాచడం రాదు, మోచేతి కింద కండ తాడులా లేచి నిలబడుతుంది. చెయ్యి పైకి తీస్తే గోళ్ల సందుల్లో తెల్లటి పిండి, గోనెసంచి వాసన. బ్యాగ్ మీద గట్టిగా కొట్టినప్పుడు నా కుడి మణికట్టు లోపలికి మడత పడేది, ఎన్ని మీటర్ల బ్యాండేజీ చుట్టినా. ఇప్పుడు పడటం లేదు. దీనికి బకెట్టూ పది కేజీల బియ్యమూ చాలు, ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు.

తొమ్మిదో వారం నుంచి పద్ధతి మారింది. బరువులు తగ్గాయి, వేగం పెరిగింది. గుద్దు పడటానికి పట్టేది అరసెకను కన్నా తక్కువ, మనిషి తన పూర్తి బలం బయటికి తియ్యడానికి అంత సమయం సరిపోదు. అందుకని ముందు బలం పెంచాలి, తర్వాత ఆ బలాన్ని త్వరగా బయటికి తియ్యడం నేర్పాలి. మెడిసిన్ బాల్ గోడకేసి కొట్టడం, బల్ల మీదికి ఎగరడం, తేలిక బార్‌ని నడుము దాకా విసురుగా లాగడం. అన్న స్వయంగా లిఫ్టర్ అయ్యుండి కూడా మాతో పూర్తి క్లీన్ (బార్‌ని నేల నుంచి ఒక్క ఊపున భుజాల మీదికి ఎత్తడం) చేయించడు, బార్ భుజాల మీదికి పట్టేటప్పుడు బాక్సర్ల మణికట్లు దెబ్బ తింటాయని లాగడం దగ్గరే ఆపేస్తాడు. తనకి వచ్చిన విద్య అంతా మన మీద చూపించాలనుకోకుండా మన ఆటకి ఎంత కావాలో అంతే ఇచ్చాడు, నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

ఇంకో విషయం ఖచ్చితంగా రాయాలి. బరువులు పరుగుకి బదులు కాదు. మూడు నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం విశ్రాంతి, ఆ నిమిషంలో ఊపిరి వెనక్కి తెచ్చేది గుండే, కాలి కండ కాదు. ఇక్కడ శనివారం సైకిల్ మెషీన్ మీద ముప్పై సెకన్లు గట్టిగా, ముప్పై మెల్లగా, మూడు నిమిషాలయ్యాక నిమిషం దిగి నడక, ఇలా ఐదు సార్లు చేయిస్తారు. పొద్దున్న పరుగు ఎవరికి వాళ్లే చేసుకోవాలి. స్పారింగ్, అంటే తోటి బాక్సర్‌తో ప్రాక్టీసు బౌట్, ఉన్న రోజు కాళ్లకి బరువులు ఉండవు, పొద్దున్న బాక్సింగ్ అయితే బరువులు సాయంత్రమే. వాట్సాప్‌లో వారం వారం మన స్పారింగ్ రోజులు పంపమంటాడు, పంపకపోతే ఫోన్ చేస్తాడు.

ఇక మా మాస్టారి సంగతి. చేరిన నెల దాకా ఆయనకి చెప్పలేదు. అబద్ధం ఆడినట్టు ఉండి నిద్ర పట్టేది కాదు, చివరికి చెప్పేశాను. కోపం వచ్చింది. "మా కాలంలో ఎవడెత్తాడురా బరువులు?" అన్నారు. ఆ మాట నిజమే, ఆయన కాలంలోనే కాదు, అంతకుముందు అమెరికాలో కూడా బరువులెత్తితే కండ బిగుసుకుపోయి మందకొడి అవుతారనే నమ్మేవాళ్లు. 1951లోనే జోర్బాస్, కార్పోవిచ్ అనే ఇద్దరు బరువులెత్తే మూడు వందల మందినీ ఎత్తని మూడు వందల మందినీ పెట్టి చెయ్యి తిప్పే వేగం కొలిస్తే ఎత్తేవాళ్లే వేగంగా ఉన్నారు, అయినా బాక్సింగ్ జిమ్‌ల దాకా ఆ మాట రావడానికి ఇంకో ముప్పై ఏళ్లకి పైనే పట్టింది. 1985లో అమెరికన్ బాక్సర్ మైకేల్ స్పింక్స్ కండిషనింగ్ కోచ్‌ని పెట్టుకుని లైట్ హెవీవెయిట్ నుంచి పైకొచ్చి హెవీవెయిట్ ఛాంపియన్ లారీ హోమ్స్‌ని ఓడించాడు. తర్వాత ఇంకో అమెరికన్ బాక్సర్ ఇవాండర్ హోలీఫీల్డ్. నేను మాస్టారికి ఫోన్‌లో చూపించింది హోలీఫీల్డ్‌నే. 1984 ఒలింపిక్స్‌లో లైట్ హెవీవెయిట్ కాంస్యం, 1986లో 190 పౌండ్ల క్రూజర్‌వెయిట్ టైటిల్, ఆ తర్వాత హెవీవెయిట్‌లోకి రావాలని టిమ్ హాల్‌మార్క్ దగ్గర కండిషనింగ్, బాడీబిల్డింగ్‌లో ఎనిమిది సార్లు మిస్టర్ ఒలింపియా టైటిల్ గెలిచిన లీ హేనీ దగ్గర బరువులు. అంతకుముందు టైసన్‌ని పడగొట్టిన బస్టర్ డగ్లస్ మీదికి 1990 అక్టోబర్‌లో వెళ్లినప్పుడు హోలీఫీల్డ్ 208 పౌండ్లు, అంటే 94 కేజీలు, డగ్లస్ 246. మూడో రౌండులో నాకౌట్. మాస్టారు ఆ కుడి చెయ్యి మూడు సార్లు వెనక్కి తిప్పి తిప్పి చూశారు. చూసి, "ఆడు బరువులెత్తి గెలవలేదు, అప్పర్‌కట్ ఖాళీ పోయాక కొట్టాడు చూడు, అది బాక్సింగ్" అన్నారు. అదీ నిజమే. డగ్లస్ అప్పర్‌కట్ తప్పి పక్కకి తెరుచుకున్న క్షణంలోనే ఆ రైట్ పడింది. ఆ క్షణాన్ని ఏ బార్‌బెల్లూ నేర్పదు.

ఎనిమిదో వారం ఆయనే ఒక సాయంత్రం జిమ్‌కి వచ్చారు, చెప్పకుండా. మెట్లెక్కి ఆయాసపడుతూ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. అన్న వెళ్లి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, మాస్టారూ మీరు బాక్సింగ్‌లోకి రాకముందు ఏం చేసేవారని అడిగాడు. పోర్టులో బస్తాలు మోశానన్నారు. "యాభై కేజీల బస్తా నేల మీద నుంచి భుజానికెత్తి, పలక మెట్లెక్కి, దించి, రోజుకి ఎన్ని సార్లు మాస్టారూ? నేను ఈళ్ల చేత చేయిస్తున్నది అదే. ఈళ్లు బస్తాలు మొయ్యలేదు, డిగ్రీలు చదివినోళ్లు" అన్నాడు అన్న. మాస్టారు చాలా సేపు మాట్లాడలేదు. తర్వాత నా ట్రాప్ బార్ దగ్గరికొచ్చి, చెప్పులు పక్కన విడిచి, లోపల నిలబడి, ఖాళీ బార్‌ని ఒకసారి లేపి దించారు. నడుము గీత గీసినట్టు తిన్నగా ఉంది.

ఇప్పుడు లోపాలు.

మొదటిది వెయింగ్ మెషీన్. మూడు నెలలూ నేను జిమ్ మెషీన్ మీదే చూసుకున్నాను, నాదీ తప్పే, ఇంకో చోట సరి చూసుకోవాల్సింది. టోర్నమెంట్ ముందు రోజు రాత్రి జిమ్‌లో 59.9 చూపించింది, ఇంటికెళ్లి ప్రశాంతంగా పడుకున్నాను. పొద్దున్న హాల్లో ట్రయల్ మెషీన్ ఎక్కితే 60.35. అసలు బరువు చూసే వెయిన్‌కి గంట కూడా లేదు. రెండు స్వెట్టర్లు, పైన రెయిన్ కోటు వేసుకుని హాలు వెనక సందులో ముప్పై ఐదు నిమిషాలు తాడాడాను, ఉమ్మి రాని దాకా. 59.95తో బయటపడ్డాను. మొదటి బౌట్ మధ్యాహ్నం, నాలుక అంగిలికి అంటుకుపోయి ఉంది. కేటగిరీ ఆటగాళ్లకి డబ్బు తీసుకుని శిక్షణ ఇచ్చే చోట వెయింగ్ మెషీన్ దాదాపు అరకేజీ తప్పు చూపించడం చిన్న విషయం కాదు. తిరిగొచ్చి చెప్తే అన్న తల పట్టుకున్నాడు, యజమాని కొత్తది తేవడానికి మాత్రం రెండు వారాలు పట్టింది.

రెండోది కౌంటర్ దగ్గర డబ్బాలు అమ్మడం. ప్రోటీన్, క్రియాటిన్, ఇంకేవో ప్రీ వర్కౌట్లు, ప్రతి కొత్త మనిషికీ ఒకటి అంటగట్టే ప్రయత్నం చేస్తారు. క్రియాటిన్ బలానికి పనికొచ్చేదే, కానీ ఒంట్లో నీరు పట్టి బరువు పెరుగుతుంది, కేటగిరీ అంచు మీద ఉన్నవాడికి అది చిక్కు. పైగా పోటీ ఆటగాళ్లం, డోప్ టెస్ట్‌కి ఎప్పుడైనా పిలవొచ్చు, ఊరూ పేరూ లేని డబ్బాలో ఏం కలిసిందో తర్వాత మనమే సమాధానం చెప్పుకోవాలి. అన్న వద్దంటాడు, కౌంటర్‌లో అబ్బాయి కొనమంటాడు. ఈ రెండు నాలుకల పద్ధతి యజమాని మానుకోవాలి.

మూడోది, ట్రాప్ బార్ ఒక్కటే ఉంది. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర మధ్య మామూలు మెంబర్లూ దాని మీదికే వస్తారు, మా రెండున్నర నిమిషాల విశ్రాంతి ఒక్కోసారి ఎనిమిది నిమిషాలు అవుతుంది. ఎండాకాలం రెండు ఫ్యాన్లు చాలవు. బాత్రూం పర్వాలేదు.

టోర్నమెంట్‌లో ఏమైందో చెప్పాలి కదా. మొదటి బౌట్ గెలిచాను, రెండోది గెలిచాను, సెమీస్‌లో పాయింట్ల మీద ఓడాను. నన్ను ఓడించిన కుర్రాడు నాకన్నా మంచి బాక్సర్, దూరం బాగా కొలిచాడు, నా జాబ్ (ముందు చేత్తో కొట్టే గుద్దు) తగలనివ్వలేదు. అది బరువులతో సరయ్యే లోపం కాదు, మాస్టారి దగ్గర సరి చేసుకోవాల్సింది. కానీ మూడో రౌండు ఆఖరి నిమిషంలో కూడా నా చేతులు గడ్డం దగ్గరే ఉన్నాయి. క్లించ్‌లో, అంటే ఒకరినొకరు పట్టుకున్నప్పుడు, అతను నన్ను తాళ్ల మీదికి నెట్టబోతే నేను నెట్టించుకోలేదు, తిరిగి అతన్నే తిప్పాను. రెండో బౌట్‌లో ఒక కుడి చెయ్యి మడమ దగ్గర నుంచి వచ్చింది, నాకు తెలిసింది, కింద నుంచి పైదాకా ఏదో దారంలా లాగినట్టు, గ్లవ్ అటువైపు పడకముందే తెలిసింది. తొమ్మిదేళ్లలో అలాంటి గుద్దు నేను కొట్టడం అదే మొదటిసారి.

ఎవరు చేరాలి అంటే, కనీసం ఏడాది బాక్సింగ్ అయి, అడుగులు, గార్డు కుదిరిన వాళ్లు. అప్పుడే మొదలుపెట్టిన పిల్లలకి దండీలు, బస్కీలు, తాడు, పరుగు చాలు, ఆ డబ్బు మంచి గ్లవ్స్‌కి పెట్టండి. ఇంకా రెండు మూడు వారాల్లో పోటీ ఉందనగా మాత్రం ఎవరూ కొత్తగా బరువులు మొదలుపెట్టొద్దు, ఒళ్లు నొప్పులతో రింగెక్కుతారు. పోటీ అయిన మర్నాటి నుంచి లెక్కేసుకుని చేరండి. వీలైతే పొద్దున్న ఆరింటి బ్యాచ్ అడగండి, ట్రాప్ బార్ ఖాళీగా ఉంటుంది, అన్న కూడా ఒక్కొక్కరి పక్కనే నిలబడతాడు. వెయింగ్ మెషీన్ కొత్తదే కానీ ఒకసారి బయట సరి చూసుకోండి.

నేను రెండో విడత సోమవారం మొదలుపెట్టాను. మాస్టారు ఈసారి తన పిల్లలు నలుగురిని నాతో పంపారు, ఫీజు తగ్గించమని యజమానితో ఆయనే మాట్లాడారు, నలుగురికి కలిపి వెయ్యి తగ్గించారు.